నాన్నగారు చదువుకున్నవారే, మరి బీపీ మాత్ర ఎందుకు మానేస్తున్నారు?

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యారు. మందుల పెట్టెలో ఉండే కాగితాన్ని కూడా అక్షరం వదలకుండా చదువుతారు. అయినా బీపీ మాత్ర తల బరువెక్కినప్పుడో, ఎవరి మీదనైనా కోపం వచ్చినప్పుడో మాత్రమే వేసుకుంటారు. డాక్టరుగారి ముందు మాత్రం అన్నిటికీ ‘సరేనండి’ అంటారు. ఇంత చదివినవారికి ఆరోగ్యం మీద అవగాహన ఎందుకు లేదు? ఎలా నచ్చజెప్పాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అవగాహన లేదనుకోకండమ్మా. ఉంది, కాకపోతే అది మా వైద్యుల అవగాహనతో కలవడం లేదు. మన భాషలో ‘నా బీపీ పెంచకు’ అంటే ‘నాకు కోపం తెప్పించకు’ అని. ఏళ్ల తరబడి ఆ మాట వింటున్నవారికి బీపీ అంటే కోపంతో పాటు ఎక్కి, శాంతించగానే దిగిపోయేదే. మరి ప్రశాంతంగా ఉన్న రోజున మాత్ర ఎందుకు? మీ నాన్నగారు లెక్క సరిగ్గానే చేశారు, తీసుకున్న అంకె తప్పు.

ఈ పొరపాటు మనకే ప్రత్యేకం కాదు. అమెరికాలోని సియాటిల్‌లో మాజీ సైనికుల ఆసుపత్రికి వచ్చే రోగులతో మాట్లాడి డాన్ బ్లమ్‌హాగెన్ 1980లో ఒక పరిశోధన ప్రచురించారు. బీపీ ఎక్కువగా ఉండటాన్ని వైద్యులు పిలిచే పేరు ‘హైపర్‌టెన్షన్’ అంటే టెన్షన్ మితిమీరడమేనని చాలామంది అనుకుంటున్నట్టు అందులో తేలింది. భాష రాక కాదు, ఆ పేరు వాళ్ల భాషలోనిదే!

నేనూ ఇక్కడ బోల్తా పడ్డవాణ్ణే. ఒకామెకు గడ్డ పరీక్ష రిపోర్టు వచ్చింది. ‘నెగెటివ్ వచ్చిందమ్మా’ అన్నాను సంతోషంగా. ఆమె ఆ కాగితాన్ని మడత మీద మడత పెట్టి, ఇక మడత పడనంత చిన్నది చేసి, ‘ఇంకెన్నాళ్లు?’ అని అడిగింది. మా గది బయట నెగెటివ్ అంటే చెడే కదా! అప్పటినుంచి ‘గడ్డలో క్యాన్సర్ కనిపించలేదు’ అనే చెబుతున్నాను.

ఇక ‘సరేనండి’ సంగతి. పెద్దవారికో, డాక్టరుకో ఎదురు చెప్పకూడదని పెరిగినవారి నోట అది మర్యాద మాట, ఒప్పుకోలు కాదు. మేము దాన్ని ఒప్పుకోలుగా రాసుకుని తర్వాతి రోగిని పిలుస్తాం. అసలు జబ్బు గురించి ఎవరికి చెప్పాలన్నదీ అందరికీ ఒకటి కాదు. 1995లో అమెరికాలో వెలువడిన ఒక సర్వేలో, ముదిరిన క్యాన్సర్ సంగతి రోగికే చెప్పాలన్నవారు యూరోపియన్ మూలాలున్న వృద్ధుల్లో 87 శాతం, కొరియన్ మూలాలున్నవారిలో 47 శాతం. చాలా ఇళ్లలో జబ్బును అర్థం చేసుకునేది ఒక్క మనిషి కాదు, ఇంటిల్లిపాదీ. కాబట్టి మీరు ఈసారి నాన్నగారితో పాటు లోపలికి వెళ్లండి.

అంతకుముందు ఇంట్లో, బోధించకుండా అడగండి. మానసిక వైద్యుడు, మానవశాస్త్రవేత్త ఆర్థర్ క్లైన్‌మన్, ఆయన సహచరులు 1978లో వైద్యులకు సూచించిన ప్రశ్నల్లాంటివే ఇవి: ఈ జబ్బు ఎందుకు వచ్చిందనుకుంటున్నారు? ఒంట్లో ఏం చేస్తోంది? దేనికి ఎక్కువ భయపడుతున్నారు? మందు గురించి కూడా అడగండి. ‘అలవాటైపోతుంది’, ‘వేడి చేస్తుంది’ అన్న భయాలు తరచూ ఇక్కడే బయటపడతాయి.

తర్వాత వారం రోజులు ఒక నోటుపుస్తకం పెట్టించండి. ఉదయం, సాయంత్రం ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక బీపీ చూసి రాయాలి. పక్క గడిలో కోపం వచ్చిందా, తల బరువుగా ఉందా అన్నదీ రాయాలి. కోపంలో బీపీ కాసేపు పెరిగే మాట నిజమే, దాన్ని కాదనకండి. కానీ ఏ బాధా లేని రోజున కూడా అంకె 135/85 దాటి ఉండటం ఆయనే చూస్తే, మనం చెప్పాల్సింది పెద్దగా ఉండదు. ఆ పుస్తకం డాక్టరుగారికి చూపించండి. మందు ఎలా వాడాలో నాన్నగారి చేతే, ఆయన మాటల్లోనే తిరిగి చెప్పించమని కోరండి. జీవితమంతా పిల్లల చేత పాఠం అప్పజెప్పించుకున్నవారు కదా, తప్పుపట్టరు!

ఈలోగా మాత్ర రోజూ పడాల్సిందే. కొన్ని రకాల బీపీ మందులు హఠాత్తుగా ఆపితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం వంటివి కనిపిస్తే నోటుపుస్తకం పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.