మాటల ముచ్చట్లు: ఆ ‘సో’ కి అర్థమేంటి?

ప్రశ్న: మా టీమ్‌లో అమెరికా అమ్మాయి కాల్‌లో ‘ఐ యామ్ సో నాట్ డూయింగ్ దట్’ అంది. ‘సో’ పక్కన ‘నాట్’ వస్తుందా? తప్పు కాదా?
- ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: వాడుకలో తప్పు కాదండీ. బడిలో నేర్పిన ‘సో’ విశేషణం ముందు వస్తుంది: సో టైర్డ్, సో హాట్. యాస ‘సో’ కి ఆ హద్దు లేదు. ‘సో నాట్ డూయింగ్’ అంటే చచ్చినా చెయ్యనని. ‘యూ ఆర్ సో ఫైర్డ్’ అంటే నీ ఉద్యోగం ఊడినట్టే, ఎక్కువగా వేళాకోళానికే. ‘దట్స్ సో యూ’ అంటే అచ్చం నీ పద్ధతే. ‘సో లాస్ట్ ఇయర్’ అంటే పాత చింతకాయ పచ్చడి.

పలికేటప్పుడు బరువంతా ‘సో’ మీదే వెయ్యాలి. తేలిగ్గా అనేస్తే ‘కాబట్టి’ అనే ‘సో’లా వినిపించి అవతలివాళ్లు తికమకపడతారు.

అమెరికా టీవీ సీరియల్ ‘ఫ్రెండ్స్’ సంభాషణల మీద 2005లో వచ్చిన భాషాశాస్త్ర పరిశోధనలో, నొక్కి చెప్పే మాటల్లో ‘వెరీ’, ‘రియల్లీ’లకంటే ‘సో’దే పైచేయి అని తేలింది.

మనవాళ్లు జారేది మరోచోట. ‘సో గుడ్ పర్సన్’ యాసలోనూ చెల్లదు, ‘సచ్ ఎ గుడ్ పర్సన్’ అనాలి. ‘సో బెటర్’ కాదు, ‘సో మచ్ బెటర్’.

క్లయింటు మెయిల్లో మాత్రం ఈ యాస ‘సో’ వద్దు. టీమ్ చాట్‌లో అయితే మీ ఇష్టం.