అడవుల సంరక్షణ చరిత్రను ఆ కాలపు మనిషి నోట చెప్పించడం ఎలా?

ప్రశ్న: విజయవాడలో హైస్కూల్ టీచర్‌ని. మన దగ్గర అడవుల సంరక్షణ ఎలా మొదలైందో ఉపన్యాసంలా కాకుండా, ఆ కాలపు మనిషే వచ్చి మాట్లాడినట్టు చూపించాలనుంది. ఎలా చేయాలి?

జవాబు: టీచర్ గారూ, గుంటూరు, పల్నాడు స్కూళ్లలో కొన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ముందు ఒక్క మాట: ఒకే పాత్రతో సరిపెట్టకండి. అడవికి హద్దులు గీసిన దొర ఒకరు, ఆ హద్దుల వల్ల మేత కరువైన రైతు ఒకరు, ఇద్దరూ ఉండాలి.

నేను క్లెగ్‌హార్న్ వేషం వేస్తాను. ఆయన మద్రాసులో పుట్టిన స్కాటిష్ డాక్టరు, మొక్కల శాస్త్రం బాగా తెలిసినవాడు. 1856లో మద్రాసు ప్రెసిడెన్సీకి మొదటి అటవీ సంరక్షకుడయ్యాడు. అప్పుడు రైలుమార్గాల జోరు మొదలైంది. మైలు పట్టాలకు 1,760 నుంచి 2,000 స్లీపర్లు (పట్టాల కింద వేసే చెక్క దిమ్మెలు) కావాలి, ఒక మోస్తరు చెట్టుకు వచ్చేవి మూడు నుంచి ఐదు. పాత స్లీపర్ ముక్క పిల్లల చేతికిచ్చి ఈ లెక్క వాళ్లతోనే వేయిస్తాను. మైలుకు నాలుగైదు వందల చెట్లు అని వాళ్లే తేల్చాక, ఆ దొర కంగారు ఎందుకో నేను వేరే చెప్పక్కర్లేదు. దొర యాస మాత్రం పెట్టకండి. పిల్లలు నవ్వుతారు, విషయం వినరు.

అసలు ప్రాణం ప్రశ్నల దగ్గర ఉంది. పాత్రలోనే ఉండి జవాబివ్వాలి, అదీ ఆ సంవత్సరానికి తెలిసినంతే. నేను 1860 పెట్టుకుంటాను. గ్లోబల్ వార్మింగ్ గురించి అడిగితే ఆ మాటే ఎరగనంటాను. కానీ అడవి నరికితే వానలు తగ్గుతాయని అప్పటికే చాలామంది శాస్త్రవేత్తలు నమ్మేవారు, అది చెబుతాను.

దుర్గి వైపు ఒక అబ్బాయి "అడవి మీరు కాపాడుకుంటే మా గేదెలు ఏం తినాలి?" అని అడిగాడు. పోడు ఆపించాలని పట్టుబట్టినవాడు క్లెగ్‌హార్న్. కాబట్టి సర్కారుకు కలప కావాలి, రైలుకు కావాలి అనే చెప్పాను. ఆ మాట అనడం నాకు కష్టమే. అయినా మెత్తబరచకూడదు. మెత్తబరిస్తే తర్వాత వచ్చే పల్నాడు రైతు నాయకుడు కన్నెగంటి హనుమంతు కోపం పిల్లలకు అందదు.

హనుమంతు పాత్ర మాచర్ల వైపు మాస్టారు ఒకరు వేస్తారు. పంచె, భుజాన గొంగళి, పల్నాటి మాట. విగ్రహంలా నిలబడి నినాదాలివ్వడు, పుల్లరి, అంటే పశువుల మేత పన్ను, కట్టాల్సి వచ్చిన రైతుగా తన గొడ్ల లెక్క చెబుతాడు. 1921లో పల్నాడు రైతులు పుల్లరి కట్టబోమన్నారు. 1922లో మించాలపాడు హనుమంతు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు.

ఇద్దరికీ మధ్య అరవై ఏళ్ల దూరం ఉంది కదా, దాన్ని బుర్రకథలో రాజకీయం చెప్పే వంత పూడుస్తాడు. 1882 మద్రాసు అటవీ చట్టం, రిజర్వు అడవులు, మేత పన్ను, అన్నీ అతని నోట రెండు నిమిషాల్లో వచ్చేస్తాయి.

మీది విజయవాడ కాబట్టి మూడో పాత్రగా కొండపల్లి బొమ్మల కళాకారుణ్ణి పెట్టినా బాగుంటుంది. తెల్లపొణికి చెట్టు లేకపోతే ఆ బొమ్మ లేదు.

ప్రశ్నలకు కనీసం ప్రదర్శనంత సమయం ఇవ్వండి. హెడ్మాస్టర్ గారిని అడిగి రెండు పీరియడ్లు కలిపి తీసుకోండి.