కోడిపిల్లలు దిగిన రోజే ప్రోబయోటిక్ వెయ్యాలి, బ్లీచింగ్ నీళ్లలో వెయ్యొద్దు

కల్వకుర్తి దగ్గర 5,000 కోళ్ల షెడ్డు ఉంది, పోయిన బ్యాచ్‌లో సాల్మొనెల్లా (పేగులో చేరి రోగం తెచ్చే బ్యాక్టీరియా) అని ల్యాబ్‌లో తేలింది, ఈసారి యాంటీబయోటిక్ మానేసి ప్రోబయోటిక్ (పేగుకు మేలుచేసే బ్యాక్టీరియా ప్యాకెట్) వేస్తే ఆగుతుందా అని అడిగారు కదా అన్నా. దేవరకొండ దగ్గర మాకూ అంత షెడ్డే ఉంది. నా అనుభవంలో ప్రోబయోటిక్ పనిచేస్తుంది. కానీ అది మందు కాదు. రోగం ముదిరాక వేస్తే డబ్బులు దండగ.

గుడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన పిల్ల పేగు దాదాపు ఖాళీగా ఉంటుంది. తల్లికోడి కింద పొదిగిన పిల్లకు తల్లి రెట్ట నుంచి, మట్టి నుంచి మంచి బ్యాక్టీరియా అందుతుంది. హేచరీ పిల్లకు ఆ తల్లి లేదు. బస్సులో తువ్వాలు వేసి సీటు పట్టుకున్నట్టు, ఎవరు ముందు చేరితే పేగు వాళ్లది. 1973లో ఫిన్లాండ్‌లో నుర్మి, రంటాలా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పెద్ద కోళ్ల పేగులోని పదార్థం పిల్లలకు పట్టించి, సాల్మొనెల్లా నిలదొక్కుకోకుండా ఆపొచ్చని చూపించారు. ఇప్పుడు మనం కొనే ప్యాకెట్లలో లాక్టోబాసిల్లస్, బాసిల్లస్ సబ్టిలిస్ లాంటివి ఉంటాయి. లాక్టోబాసిల్లస్ సీటు పట్టుకోవడమే కాదు, యాసిడ్ తయారుచేసి సాల్మొనెల్లాకు అక్కడ పొసగకుండా చేస్తుంది.

నేను మొదటిసారి వేసినప్పుడు ఏమీ తేడా కనిపించలేదు. ప్యాకెట్ మీద రాసిన మోతాదే, పిల్లలు దిగిన గంటలోనే వేశాను. అయినా నాలుగో రోజుకు రెట్ట నీళ్లలా పడింది. మా పశువుల డాక్టరు షెడ్డులోకి రాగానే రెట్ట చూడలేదు, నిచ్చెన వేసుకుని ట్యాంకు ఎక్కారు. మూత తీస్తే గుప్పున బ్లీచింగ్ వాసన! పిల్లలు దిగే ముందు నుంచీ రోజూ సాయంత్రం నేనే కలుపుతున్నాను. బోరు నీళ్లలో క్రిములు చావాలని వేసిన క్లోరిన్, నేను డబ్బు పెట్టి కొన్న బ్యాక్టీరియాను కూడా చంపేసింది.

అప్పటి నుంచి, నీళ్లలో ఇచ్చే లాసోటా టీకాకు (కొక్కెర తెగులు టీకా) చేసినట్టే చేస్తున్నా. 200 లీటర్ల డ్రమ్ము వేరే పెట్టాను. బ్లీచింగ్ నీళ్లు పట్టి, మూత లేకుండా ఎండలో ఒక రోజు ఉంచి, మిగిలిన క్లోరిన్ విరగడానికి లీటరుకు రెండున్నర గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి, ఆ తర్వాతే ప్రోబయోటిక్ వేస్తాను. పిల్లలకు గంటసేపు నీళ్లు ఆపి పెడితే రెండు గంటల్లో తాగేస్తాయి. మూడు నాలుగు రోజులు ఇలాగే. దాణాలో కలిపేదైతే బాసిల్లస్ రకం అడగండి. అది బీజరూపంలో ఉంటుంది కాబట్టి దాణాను పెల్లెట్లుగా (గుళికలుగా) చేసేటప్పటి వేడిని తట్టుకుంటుంది.

మొదటి మూడు రోజులు అలవాటుగా యాంటీబయోటిక్ పోసి, అందులోనే ప్రోబయోటిక్ కలిపేవాళ్లు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. విత్తిన చేత్తోనే పీకినట్టు అది. డాక్టరు యాంటీబయోటిక్ రాస్తే కోర్సు పూర్తిచేసి తర్వాత ఇది వేయండి. ఎవరైనా కొలిస్టిన్ అనే యాంటీబయోటిక్ తెచ్చిస్తే మాత్రం తీసుకోకండి, 2019 నుంచి మన దేశంలో కోళ్లకు అది నిషేధం.

ఎలుకలు, తడిసిన ఊక, పాత బ్యాచ్ రెట్ట అలాగే ఉంటే ఏ ప్యాకెట్టూ కాపాడదు. ఇది మీకు తెలిసిందే.

ఇంకొకటి మాత్రం మనసులో పెట్టుకోండి. నిరుడు ఒక బ్యాచ్‌లో అన్నీ సరిగ్గానే చేశాను. అయినా మూడో రోజు నుంచి పిల్లలు బ్రూడరు (వెచ్చదనం ఇచ్చే దీపం) కిందికి చేరి ముడుచుకున్నాయి. ఒకదాన్ని చేతిలోకి తీసుకుంటే తోక కింద తెల్లరెట్ట సున్నంలా గట్టిపడి మూసుకుపోయింది. రెట్ట వేయబోయినప్పుడల్లా కీచుమని అరిచేది. ఆ అరుపు నాకు ఇంకా చెవుల్లో ఉంది. పరీక్షలో పుల్లోరం అని వచ్చింది. అది తల్లికోడి నుంచి గుడ్డులోనే వచ్చే సాల్మొనెల్లా. పిల్ల పుట్టకముందే సీటు నిండిపోతే మనం వేసే తువ్వాలుకు చోటెక్కడిది?

అందుకే మీ పోయిన బ్యాచ్ రిపోర్టులో ఏ రకం అని రాశారో ముందు చూడండి. పుల్లోరం అని ఉంటే, ప్రోబయోటిక్ కొనేకంటే ముందు ఆ పిల్లలు ఏ పేరెంట్ మంద (గుడ్లు పెట్టిన తల్లికోళ్ల మంద) నుంచి వచ్చాయో, ఆ మందకు రక్తపరీక్ష చేశారో లేదో పిల్లలు ఇచ్చే కంపెనీ సూపర్‌వైజర్‌ను గట్టిగా అడగండి.