సమాధానం: ట్రస్ ప్లేట్లు పైకి లేస్తున్నాయంటే

టెక్సాస్‌లోని మీ యార్డులో రెండు వారాలున్న రూఫ్ ట్రస్సులకు, అంటే ఇంటి కప్పును మోసే చెక్క చట్రాలకు, అతుకుల దగ్గర చెక్కలను పట్టి ఉంచే పళ్లున్న లోహపు ప్లేట్ల అంచులు లేస్తున్నాయని, సుత్తితో కొట్టించి పంపుతున్నామని రాశారు. దయచేసి ఆ సుత్తి పని ఈరోజే ఆపించండి. లేచిన పళ్ల చుట్టూ కలప అప్పటికే చీలి ఉంటుంది, మళ్లీ కొడితే అణిగినట్టు కనబడుతుందే గానీ పట్టు రాదు.

ముందు తేమ మీటరుతో కలప కట్టకు నాలుగైదు చెక్కలు చూడండి. 19 శాతం దాటితే కోతకే పంపకండి. పచ్చి కలప ఆరుతూ కుంచించుకుపోతుంటే ప్లేటు పళ్లు బయటికి జారతాయి.

తేమ సరిగ్గా ఉంటే ప్లేట్లను చివరిగా చెక్కలోకి నొక్కే ఫినిష్ రోలర్‌ను అనుమానించండి. ప్రెస్ నుంచి వచ్చిన ట్రస్‌లో ప్లేటుకూ చెక్కకూ మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని లోహపు పట్టీ) పెట్టండి. సందు అంగుళంలో 32వ వంతు దాటితే అక్కడి పళ్లకు పూర్తి బలం లెక్కకు రాదు. ఒక అంచే లేస్తుంటే రోలర్ ఒకవైపు అరిగిందేమో, ప్లేటు కింద కలపలోని ముడి పడిందేమో చూడండి. ముడిలోకి పళ్లు దిగవు, వంగిపోతాయి.

ఇప్పటికే లేచినవాటిని పక్కన పెట్టి, ట్రస్ డిజైన్ ఇంజినీరు దగ్గర మరమ్మతు డ్రాయింగు తీసుకోండి. సాధారణంగా రెండు వైపులా ప్లైవుడ్ గసెట్లు (అతుకు మీద వేసి మేకులు కొట్టే ముక్కలు) ఇస్తారు, మేకుల సంఖ్య, దూరం ఆయన రాసినట్టే వేయాలి.