అడగండి, చెబుతా: బాలయోగి గారు ఎమ్మెల్యేగా చేశారా?

ప్రశ్న: మాస్టారూ, మొన్న పెళ్ళిలో మా బావగారికీ నాకూ మాట పెరిగింది. లోక్‌సభ స్పీకర్‌గా చేసిన జి.ఎం.సి. బాలయోగి గారు ఎప్పుడూ ఎంపీగానే ఉన్నారని నేను, కాదు ముమ్మిడివరం ఎమ్మెల్యేగా కూడా చేశారని ఆయన. వంద పూతరేకుల పందెం. ఎవరు గెలిచినట్టు?
– ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: పూతరేకులు కొనండి. మీకు ఆత్రేయపురం పక్కనే, పెద్ద కష్టం లేదు.

మీ బావగారు చెప్పిందే కరెక్ట్. బాలయోగి గారు 1996లో ముమ్మిడివరం అసెంబ్లీ ఉప ఎన్నికలో గెలిచారు. రాష్ట్రంలో ఉన్నత విద్య మంత్రిగానూ చేశారు. 1998లో మళ్ళీ అమలాపురం ఎంపీ అయి ఢిల్లీ వెళ్ళిపోయారు. అంటే ఎమ్మెల్యేగా ఉన్నది నిండా రెండేళ్ళు కూడా కాదు. మీకు గుర్తు లేకపోవడంలో వింతేమీ లేదు. నేను మాత్రం మర్చిపోలేను, ఆ ఉప ఎన్నికలో నాకు పోలింగ్ డ్యూటీ పడింది.

నన్ను వేసింది ఒక లంక ఊరి స్కూల్లో. పెట్టె, బ్యాలెట్ కట్టలు, లక్క, కొవ్వొత్తులు అన్నీ నావలో పెట్టుకుని ముందు రోజు సాయంత్రమే దాటాం. మర్నాడు పొద్దున్నే ఒక మామ్మగారు వచ్చారు. వేలికి సిరా పెట్టించుకుని, కాగితం అటూ ఇటూ తిప్పి, "ఏవండీ మాస్టారండీ, మన బాలయోగి ఇందులో ఎక్కడున్నాడండీ?" అని గట్టిగా అడిగేశారు. ఏజెంట్లందరూ నా మొహంలోకి చూశారు. నేను చెప్పకూడదు కదా! "బొమ్మలు చూసుకుని మీకు నచ్చిన చోట గుద్దండి మామ్మగారూ" అన్నాను. "నచ్చిన చోటు ఎక్కడో చెప్పమనే కదా అడుగుతున్నాను" అని విసుక్కుంటూ అట్ట చాటుకి వెళ్ళారు. ఆ రాత్రి పెట్టెకి సీలు వేస్తూ లక్కతో బొటనవేలు కాల్చుకున్నాను. ఆ ఎన్నిక అనగానే నాకు ముందు ఆ రెండే గుర్తొస్తాయి.

ఆ మామ్మగారి నోట్లో 'మన' ఊరికే రాలేదు. ఆయన పుట్టింది ఎదుర్లంకలో, 1951లో. చదువుకోవడానికి గుత్తెనదీవి వెళ్ళాల్సి వచ్చేది. ఆ తర్వాత లా చదివి కాకినాడలో ప్రాక్టీస్ పెట్టారు. 1985లో మేజిస్ట్రేట్‌గా సెలెక్ట్ అయ్యారు కూడా. ఆ రోజుల్లో మా ఊళ్ళలో మేజిస్ట్రేట్ ఉద్యోగం వదిలేశాడంటే అయినవాళ్ళే నెత్తి బాదుకుంటారు. ఆయన మాత్రం కొద్ది కాలానికే వదిలేశారు. 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్ చైర్మన్, 1991లో అమలాపురం ఎంపీ.

మీ పందానికి కీలకం ఆ తర్వాతిది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఓడిపోయారు. ఓడిన ఏడాదే ముమ్మిడివరంలో ఉప ఎన్నిక వచ్చింది. అప్పట్లో అది ఎస్సీ రిజర్వుడు సీటు. ఎంపీగా చేసినవాడు ఎమ్మెల్యేగా నిలబడటం ఒక మెట్టు దిగడమేనని మా స్టాఫ్‌రూమ్‌లో చాలామంది అన్నారు. నేనూ అన్నాను, దాచడమెందుకు? రెండేళ్ళు తిరక్కుండానే, 1998 మార్చి 24న, ఆయన లోక్‌సభ స్పీకర్ అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న తొలి దళితుడు ఆయనే. స్టాఫ్‌రూమ్‌లో ఆ రోజు నన్ను ఆడుకున్నారు.

1999 ఎన్నికల తర్వాత మళ్ళీ స్పీకర్ అయ్యారు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి చనిపోయారు. అప్పటికి ఆయనకి యాభై ఏళ్ళే. ఆ ఖాళీకి జరిగిన ఉప ఎన్నికలో వారి సతీమణి విజయకుమారి గారు గెలిచారు. 2024లో కొడుకు హరీష్ అదే అమలాపురం నుంచి ఎంపీ అయ్యారు.

యానాం వెళ్ళాలంటే మేము ఎదుర్లంక రేవులో పంటు (మనుషుల్నీ సామాన్లనీ ఏరు దాటించే పెద్ద పడవ) కోసం పడిగాపులు పడేవాళ్ళం. సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, పెళ్ళివారు, అందరూ ఒకే పంటు మీద. ఇప్పుడు అక్కడ గౌతమి మీద వంతెన ఉంది, దానికి బాలయోగి గారి పేరే పెట్టారు. మా మనవడు బైకు మీద ఐదు నిమిషాల్లో దాటేస్తాడు. పంటు అంటే ఏంటి తాతయ్యా అని అడుగుతాడు.

ప్రశ్న: ఎమ్మెల్యేగా ఉంటూ ఎంపీగా గెలిస్తే రెండూ ఉంచుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: కుదరదమ్మా. గెజిట్‌లో ఎంపీగా పేరు వచ్చిన 14 రోజుల్లోగా అసెంబ్లీ సీటుకి రాజీనామా ఇవ్వాలి. లేకపోతే ఎంపీ పదవే పోతుంది. ముఖ్యమంత్రి అయిన ఎంపీ సంగతి మాత్రం వేరు. ఎమ్మెల్యే కాకుండానే ఆరు నెలలు ముఖ్యమంత్రిగా ఉండొచ్చు, ఆలోపు ఎంపీ సీటు వదలక్కర్లేదు.

ఈ సందులోనే 1999లో పెద్ద గొడవ జరిగింది, తీర్పు చెప్పాల్సింది కూడా మన బాలయోగి గారే. గిరిధర్ గమాంగ్ ఆ ఫిబ్రవరిలో ఒడిశా ముఖ్యమంత్రి అయ్యారు గానీ ఎంపీ పదవి వదల్లేదు. ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం మీద విశ్వాస ఓటింగ్‌కి వచ్చి కూర్చున్నారు. ఆయన ఓటు చెల్లుతుందా అని సభలో రభస. ఆ నిర్ణయాన్ని స్పీకర్‌గా బాలయోగి గారు గమాంగ్ విజ్ఞతకే వదిలేశారు. గమాంగ్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వేశారు. 269కి 270, ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది.

రెండు వైపులా సమానమైతేనే స్పీకర్ ఓటు వేస్తారు. కాబట్టి ఆ రోజు మన అమలాపురం ఓటు ఎటూ పడలేదు.