డౌన్స్ ఉన్న తమ్ముడికి మతిమరుపు: జన్యు పరీక్ష కంటే ముందు చూడాల్సినవి

ప్రశ్న: మా తమ్ముడికి 44 ఏళ్లు, డౌన్స్ సిండ్రోమ్ ఉంది. నిరుడు అమ్మ పోయాక మా ఇంట్లోనే ఉంటున్నాడు. ఆరు నెలలుగా చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా మరిచిపోతున్నాడు. రాత్రిళ్లు తిరుగుతుంటే మందుల షాపులో అడిగి నిద్రమాత్ర వేస్తున్నాం. ఇది అల్జీమర్సేనా? జన్యు పరీక్ష చేయించాలా? మా పిల్లలకూ వస్తుందా?
– ఒక సోదరి, అనంతపురం

జవాబు: ముందు ఆ నిద్రమాత్ర సంగతి. అది ఏ మాత్రో మీరు రాయలేదు. డౌన్స్ ఉన్నవారిలో చాలామందికి నిద్రలో శ్వాస ఆగి ఆగి ఆడుతుంది. గురక పెడతాడా, గమనించారా? అలాంటివారికి మత్తు ఇస్తే శ్వాస మరింత మందగిస్తుంది, పగలంతా అయోమయంగా ఉంటారు. మీరు మతిమరుపు అంటున్నదానిలో కొంత ఆ మాత్ర చలవే కావచ్చు. అలాగని ఈ రాత్రే ఆపేయకండి. కొన్ని రకాలు ఒక్కసారిగా మానితే ఫిట్స్ వస్తాయి. మాత్రల అట్ట తీసుకెళ్లి రేపే డాక్టర్‌కు చూపించండి. మీ తమ్ముడి గుండె ఎలా ఉందో, థైరాయిడ్ ఉందో లేదో షాపులో కూర్చున్నవారికి ఎలా తెలుస్తుంది, చెప్పండి?

మీ భయం నిరాధారం కాదు. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ ప్రోటీన్‌కు మూలమైన ఏపీపీ జన్యువు 21వ క్రోమోజోమ్‌పైనే ఉంది. డౌన్స్ ఉన్నవారిలో ఆ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉండటంతో 40 ఏళ్లకే దాదాపు అందరి మెదడులోనూ అమిలాయిడ్ పేరుకుంటుంది. లక్షణాలు మాత్రం ఎక్కువగా 50 దాటాక బయటపడతాయి. ఏపీఓఈ-4 రకం జన్యువు కూడా ఉంటే ఇంకా ముందే రావచ్చు. ఆ పరీక్ష చేయించినా వైద్యం మారదు కనుక డబ్బు దండగ.

44 ఏళ్లకు, ఆరు నెలల్లోనే ఇంత మార్పు అంటే నేనైతే వేరే కారణాలు వెతుకుతాను. థైరాయిడ్, బి12, చెవుడు, శుక్లాలు, అమ్మ పోయిన దిగులు. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. ఆరు నెలలు ఆగాల్సింది కాదమ్మా.

మీ పిల్లలకు డౌన్స్ వస్తుందేమోనన్న భయం సాధారణంగా అక్కర్లేదు. తమ్ముడి పాత క్రోమోజోమ్ రిపోర్టులో ‘ట్రాన్స్‌లొకేషన్’ (ఒక క్రోమోజోమ్ ముక్క మరోదానికి అతుక్కోవడం) అని ఉంటే మాత్రం మీరూ ఒకసారి పరీక్ష చేయించుకోవాలి.

మనిషిని చూడకుండా ఇంతకు మించి చెప్పలేను. నిద్ర లేవగానే చేతులు ఉలిక్కిపడినట్టు అదురుతుంటే అవి ఫిట్స్ కావచ్చు, ఫోనులో వీడియో తీసి న్యూరాలజిస్టుకు చూపించండి. కర్నూలు సర్వజన వైద్యశాలలో ఆ విభాగం ఉంది. నడక తడబడినా, మూత్రం అదుపు తప్పినా మెడ ఎముకలు జారి వెన్నుపామును నొక్కుతూ ఉండవచ్చు. అప్పుడు అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.