నిద్ర లేదు, మాటలు కోటలు దాటుతున్నాయి

ప్రశ్న: నా చిన్ననాటి స్నేహితుడికి 26 ఏళ్లు. సెల్‌ఫోన్ రిపేరు షాపు నడుపుతాడు. రెండు వారాలుగా రాత్రికి రెండు గంటలు కూడా పడుకోవడం లేదు, అయినా అలుపే లేదు. గుంతకల్లు, ధర్మవరం, తాడిపత్రిలో ఒకేసారి బ్రాంచీలు పెడతానని నూటికి ఐదు వడ్డీకి రెండు లక్షలు తెచ్చాడు. వద్దంటే బూతులు తిట్టాడు. మొన్నటి నుంచి వాడి ఫోను నేనే ట్యాప్ చేయిస్తున్నానంటున్నాడు. వాళ్లమ్మ కసాపురం ఆంజనేయస్వామి గుడికి తీసుకుపోదామంటోంది. నేనేం చేయాలి?
— ఒక మిత్రుడు, అనంతపురం

జవాబు: అప్పు కన్నా, తిట్ల కన్నా మేం ముందు చూసేది నిద్ర. దిగులుతో నిద్ర పట్టనివాడు తెల్లారేసరికి నీరసపడిపోతాడు. రెండు గంటలు పడుకుని కూడా హుషారుగా తిరుగుతూ, గడగడా మాట్లాడుతూ, అడ్డొస్తే మండిపడుతూ వారం దాటితే మేనియా అని అనుమానించాలి. మనసు కొన్నాళ్లు పట్టలేని హుషారుకు, కొన్నాళ్లు దిగులుకు ఊగే బైపోలార్ జబ్బులో అదొక దశ. ముదిరితే ఇలాంటి అనుమానాలూ వస్తాయి. అలాగని ఉత్తరం చదివి జబ్బు పేరు ఖాయం చేయలేం. గంజాయి, స్టెరాయిడ్ మందులు, థైరాయిడ్ ఎక్కువ కావడం కూడా మనిషిని ఇలా చేయగలవు. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేసిన రెండు మూడు రోజులకు వణుకుతూ లేనివి కనిపిస్తున్నాయన్నా, జ్వరంతో తానెక్కడున్నదీ తెలియకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఈ రోజే ఒక కాగితం తీసుకుని తేదీల వారీగా రాయండి: ఎన్నింటికి పడుకున్నాడు, ఎన్నింటికి లేచాడు, ఏం తిన్నాడు, ఎంత ఖర్చు పెట్టాడు, ఏమన్నాడు. ‘పిచ్చిపిచ్చిగా చేస్తున్నాడు’ అంటే డాక్టరుకు ఏమీ అందదు. ‘మంగళవారం రాత్రి రెండింటికి షట్టరు తీసి షాపంతా కడిగాడు’ అంటే అందుతుంది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా, ఈ మధ్య డిప్రెషన్‌కు మాత్రలు వాడాడా అన్నది కూడా కనుక్కోండి. బైపోలార్ ఉన్నవాళ్లకు ఆ మాత్రలొక్కటే ఇస్తే కొందరిలో మేనియా తిరగబెడుతుంది.

ఫోను సంగతి వాదించకండి, ఔననీ అనకండి. రెండూ బెడిసికొడతాయి. ‘నేను చేయించలేదురా. అయినా నీకట్ల అనిపిస్తుంటే భయంగానే ఉంటాది. నిద్రకైనా మందు రాయించుకుందాం పా’ అనండి. నిద్ర మాట అబద్ధం కాదు, పరువు తక్కువా కాదు. అదీ వాడు నమ్మే మనిషి ఒక్కరు చెప్పాలి. ప్రస్తుతం వాడి అనుమానం మీ మీదే ఉంది కాబట్టి మేనమామో అక్కో చెబితే మేలు. పదిమంది చుట్టుముడితే ఉన్న అనుమానం కాస్తా రూఢి అవుతుంది. అన్నంలో మాత్రలు కలపడం మాత్రం వద్దే వద్దు. ఎంత లోపలికి పోయిందో తెలియదు, దొరికిపోతే ఇంటి తిండే మానేస్తాడు.

కసాపురం పోవద్దని వాళ్లమ్మతో గొడవ పడకండి. ముందు ఆసుపత్రి, తర్వాత మొక్కు అని ఒప్పించండి. మండలం రోజులు అక్కడే ఉంచుతామంటే మాత్రం ఆపండి, ఆ లోపు అప్పు పది లక్షలవుతుంది. కట్టేయడం, గొలుసు వేయడం 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నిషిద్ధం.

అనంతపురం సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. పొద్దున్నే పోయి ఓపీ చీటీ తీసుకోండి, మీరు రాసిన కాగితం డాక్టరు చేతికివ్వండి. రానని మొండికేస్తే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు (14416) ఫోన్ చేసి ఏం చేయాలో అడగండి. ఉచితం, 24 గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. ఇష్టం లేకుండా చేర్చాల్సి వస్తే స్నేహితుడి సంతకం సరిపోదు. వాడు ముందే ఎవరినీ ప్రతినిధిగా రాసిపెట్టుకోకపోతే ఇంటివాళ్లు దరఖాస్తు ఇవ్వాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. అలా మొదట 30 రోజుల వరకు ఉంచుకోవచ్చు.

ఏటీఎం కార్డు, ఇంటి పత్రాలు వాళ్లమ్మ దగ్గర పెట్టించండి. పురుగుమందు డబ్బాలుంటే ఇల్లు దాటించండి. ‘చచ్చిపోవాలనిపిస్తోందా’ అని సూటిగానే అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఔనంటే ఒంటరిగా వదలకండి. కత్తి పట్టుకుంటే మీరు అడ్డం పోవద్దు, 112కి చేయండి.

ప్రశ్న: నా స్నేహితురాలు బైపోలార్‌కు లిథియం వాడుతోంది. ఈ ఎండలు మొదలైనప్పటి నుంచి చేతులు వణుకుతున్నాయి. మాత్రలు మానేస్తానంటోంది.
— కడప

జవాబు: తనంతట తాను మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. అలాగని వణుకును తేలిగ్గా తీసుకోకూడదు. చెమటతో నీళ్లు, ఉప్పు పోతే లిథియం ఒంట్లో పేరుకుంటుంది. విరేచనాలైనా, నడుం నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వేసుకున్నా అంతే. సన్నని వణుకైతే ఈ వారంలోనే రక్తపరీక్ష చేయించండి. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, పొద్దుటి మాత్ర వేసుకోక ముందే రక్తం ఇవ్వాలి. రక్తంలో లిథియం మామూలుగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు ఆరు నెలలకోసారి. నీళ్లు బాగా తాగమనండి, కూరలో ఉప్పు ఉన్నట్టుండి తగ్గించొద్దు. ఉపవాసమో రోజానో ఉండాలనుకుంటే ముందు డాక్టరును అడగాలి. వణుకు పెద్దదై, మాట ముద్దగా వచ్చి, నడక తూలి, వాంతులవుతుంటే తర్వాతి మాత్ర వేయకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి, లిథియం వాడుతోందని వెళ్లగానే చెప్పండి.